ఖాళీ పెట్టె పంపకూడదు

ఊరకే పెట్టె ఇచ్చేవాడు ఊరకే ఇవ్వడు. ఇది తేలిపోయిన విషయం. దీనిమీద నాతో ఎవరూ వాదించనక్కరలేదు.

తిరుపతిలో కొర్లగుంట దగ్గర పండ్లంగడి పెట్టుకున్న యోగానంద నాకు ఆపిల్ పెట్టెలు ఊరకే ఇచ్చాడు. దానివల్ల జరిగింది ఒక్కసారి చెబుతాను.

నా పేరు కుప్పయ్య. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. బయల్దేరే వేళకు బయల్దేరేవాణ్ణి. వెనక ఎవరు పరుగెత్తుకొచ్చినా ఆపేవాణ్ణి కాదు. ఒకసారి నా భార్య తిరుమలమ్మే సంచి పట్టుకొని పరుగెత్తింది. ఆపలేదు. ఆమె వెనక బస్సులో వచ్చింది. ఇంటికొచ్చి నవ్వింది. ఆమె పోయి నాలుగేళ్ళయింది.

ఇంట్లో మిగిలింది నేను, మా అమ్మాయి కోమలి. కోమలి కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తుంది. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి గోడమీది అక్షరాలు చదివిస్తుంది.

మేము అద్దెకున్న ఇంటి ఓనరు వెంకటరమణ. ఆ ఇల్లు పడగొట్టి లాడ్జి కడతానన్నాడు. తిరుపతిలో అందరూ చివరికి లాడ్జే కడతారు. కార్తీకం వెళ్ళేలోగా ఖాళీ చేయమన్నాడు. పలమనేరులో నేను కట్టుకున్న రెండు గదులున్నాయి. అక్కడికి పోదామన్నాను.

"మరి ఈడ నా ఉద్యోగం?" అంది కోమలి.

"పలమనేరులో జనాలకు కండ్లు లేవా?"

"నేను హాస్టల్లో ఉంటా. నువ్వు పో నాయనా."

"సరే, ఉండు."

కోమలి నన్ను కాసేపు చూసింది.

"నువ్వు ఒక్కడివే ఏం తింటావు? వద్దులే. నేనూ వస్తా."

ఆ మాట నవ్వుతూ అనలేదు. అది గమనించాను.

ఇల్లు మారాలంటే పెట్టెలు కావాలి. సామాను సర్దే కంపెనీవాడు ఖాళీ పెట్టెకు రేటు చెప్పాడు. లోపల ఏమీ లేనిదానికి రేటేమిటి? ఫోన్ పెట్టేశాను. కిరాణా కొట్టువాడు పెట్టెలన్నీ పాతపేపర్లాయనకే వేస్తామన్నాడు. మందుల షాపువాడు జాలిపడి ఒక పెట్టె ఇచ్చాడు. అందులో నా చెప్పు ఒకటి పట్టింది. రెండోది పట్టలేదు.

మస్తాన్ వలి మాత్రం మంచి పెట్టెలు తెచ్చాడు. అతను ఒకప్పుడు మా డిపోలో మెకానిక్. ఇప్పుడు సొంతంగా చిన్న లారీ నడుపుతున్నాడు. మా సామాను దించే బాధ్యత అతనిదే.

"సూడన్నా, ఎంత గట్టిగా ఉండాయో! గ్లాసులు పెట్టుకునేదానికి లోపల గదులు గూడా ఉండాయి."

"ఇవి బ్రాందీ షాపు పెట్టెలు."

"అయితే ఏమన్నా? లోపల సీసాల్లేవు గదా."

"పలమనేరులో దించేటప్పుడు వీధంతా చూస్తుంది."

"నువ్వు తాగవని అందరికీ తెలుసు గదన్నా."

"ఇన్నాళ్ళు దాచినాడు అనుకుంటారు. తీసుకొని పో."

తీసుకొని పోయాడు. అతని ఆదివారం పాడైంది.

ఆ మరునాడు యోగానంద అంగడి పక్కన, కాలువ గట్టు మీద, ఆపిల్ పెట్టెలు కుప్పగా కనిపించాయి. పారేశారనుకున్నాను. నాలుగు పెట్టెలు ఒకదానిమీద ఒకటి పెట్టుకొని బయల్దేరాను.

"ఓ పెద్దాయనా! పెట్టెలు యాడికి?"

"ఇల్లు మారుతున్నాను."

"మారండి. నా పండ్లు గూడా మీతో మారతా ఉండాయా?"

అడుగు పెట్టెలో ఒక వరుస ఆపిల్ పండ్లు అలాగే ఉన్నాయి. నలుగురు చేరారు. వాళ్ళలో ఒకాయన కొబ్బరికాయ కొనడం మానేసి మరీ చూశాడు. యోగానంద నవ్వాడు. నన్ను చూసి నవ్వేవాళ్ళంటే నాకు పడదు. పెట్టెలు దించి ఇంటికొచ్చేశాను. జరిగింది కోమలికి చెప్పాను.

కోమలి చున్నీ బిగించింది. నన్ను వెంటబెట్టుకొని అంగడికి పోయింది.

"మా నాయనను దొంగ అన్నావంట గదా?"

"దొంగ అనలేదు మేడం. యాడికి అని అడిగినా."

"పెద్దోళ్ళను అడిగేదానికి ఒక పద్ధతి ఉంటాది."

"ఎత్తుకపోయేదానికి గూడా పద్ధతి ఉంటాది గదా మేడం. అడిగి ఎత్తుకపోవాల."

"అడిగితే ఇచ్చేస్తావా?"

"అడిగి సూడండి."

"ఇస్తావా?"

"ఇస్తా. ఎన్ని కావాల?"

కోమలి పోట్లాటకు వచ్చింది. పోట్లాట అక్కడితో అయిపోయింది. ఏం చేయాలో తెలియక అతన్ని చూసింది. అతనికి ఏం చేయాలో తెలుసు. అతనూ ఆమెను చూశాడు. నేను పెట్టెలను చూశాను. ప్రతి పెట్టెకూ అటూ ఇటూ రంధ్రాలున్నాయి.

"ఈ రంధ్రాలెందుకు?" అన్నాను.

"పండ్లకు గాలాడాల గదా పెద్దాయనా."

"నా గిన్నెలకు గాలి అక్కరలేదు."

"అయితే గుడ్డ అడ్డం పెట్టుకోండి. పెట్టెలు ఊరకే తీసుకోండి సార్. ఇల్లు మారినాక తిరిగి ఇచ్చేయండి, చాలు. మా అమ్మ ఊర్లోవాళ్ళకు పండ్లు పంపేదానికి కావాల."

కోమలి నా చేతిలోంచి రెండు పెట్టెలు లాక్కుంది. రోడ్డు దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. రోడ్డు దాటాక చూసింది.

ఇంటికి తెచ్చి చూస్తే ఒక పెట్టెకు అడుగు సరిగా లేదు. మార్చి తెమ్మన్నాను. కోమలి పెట్టె ఎత్తుకొని గడప దాకా పోయి ఆగింది.

"ఖాళీగా ఎట్ల పంపేది నాయనా? అమ్మ ఉంటే పంపుతుందా?"

పంపదు. తిరుమలమ్మకు ఒక నియమం ఉండేది. మా ఇంటికి వచ్చిన గిన్నె ఏదీ ఖాళీగా తిరిగి పోయేది కాదు. పక్కింటివాళ్ళ కూరగిన్నె చక్కెరతో పోయేది. కరెంటు పనివాడు ఒకసారి సంచి మరిచిపోతే అతని కటింగ్ ప్లేయరు పక్కన రెండు సొరకాయ ముక్కలు పెట్టి పంపింది. ఖాళీ చెయ్యి చూపించవచ్చు, ఖాళీ గిన్నె చూపించకూడదు అనేది.

"ఇది గిన్నె కాదు. అట్టపెట్టె," అన్నాను.

"మనింటికి వచ్చింది గదా."

నియమం నియమమే. కోమలి ఆ పెట్టెలో మురుకులు పెట్టింది.

సాయంత్రం యోగానంద వచ్చాడు. అడుగు గట్టిగా ఉన్న పెట్టె తెచ్చాడు. దాన్నిండా చీనీకాయలు.

"ఇవెందుకు?" అన్నాను.

"మురుకులొచ్చిన పెట్టెకు బదులు ఖాళీ పెట్టె ఎట్ల ఇస్తాం సార్? మా అమ్మ కొడతాది."

ఆ నియమం తిరుమలమ్మ ఒక్కదానిదే అనుకున్నాను. ఇతని తల్లి భారతమ్మకు కూడా అదే ఉంది. ఒక ఊళ్ళో అలాంటివాళ్ళు ఇద్దరుండటం తప్పు.

"మురుకులు ఎట్లుండాయి?" అంది కోమలి.

"రుచి బాగుండాది మేడం. కొంచెం గట్టి."

"పండ్లంగడి పెట్టుకోనుండావు. నీకు పండ్లు లేవా?"

అతను ఇకిలించాడు. అన్నీ ఉన్నాయి.

అప్పటినుంచి పని చెడింది. చీనీకాయలు వచ్చిన పెట్టెలో మా సామాను పెట్టుకోవడానికి లేదు. అది వాళ్ళింటి గిన్నె అయిపోయింది. దాన్ని నింపి పంపాలి. కోమలి అలసంద వడలు పంపింది. భారతమ్మ సీతాఫలాలు పంపింది. కోమలి చెనిక్కాయ ఉండలు పంపింది. భారతమ్మ రెండు పెట్టెల జామకాయలు పంపింది. రెండు పెట్టెలు వస్తే రెండు పెట్టెలు పోవాలి. నేను ఊరకే తెచ్చుకున్న పెట్టెలన్నీ ఒక్కొక్కటే ఆ రాకపోకల్లో చేరిపోయాయి.

ఆదివారం మస్తాన్ వలి లారీ తెచ్చాడు. వసారాలో నిలబడి పెట్టెలన్నిటినీ చూశాడు.

"ఇది సామాను కాదన్నా. ఇది అంగడి."

"రేపటికి ఖాళీ అవుతాయి."

"రేపటికి మళ్ళా నిండతాయి." ఒక జామకాయ తీసుకొని కొరికాడు. "ఆ పిల్లోడే తెస్తాడా ఇవన్నీ?"

"అతనే."

"అంగట్లో ఇంకెవరూ లేరా మోసేదానికి?"

"ఉన్నారు. ఇద్దరు పనివాళ్ళు."

"అట్లనా," అని మస్తాన్ వలి ఇంకో జామకాయ తీసుకున్నాడు. చాలాసేపు నమిలాడు. ఖాళీ లారీ తోలుకొని పోయాడు.

ఓనరు వెంకటరమణ రోజూ సాయంత్రం వచ్చి, ఎప్పుడు పోతారు అని అడిగేవాడు. ఒక రోజు కోమలి అతనికి సీతాఫలాలు ఒక పెట్టెలో పోసి ఇచ్చింది. అతని భార్య ఆ పెట్టెలో పులిహోర పొట్లాలు పెట్టి పంపింది. కోమలి మళ్ళీ వడలు పంపింది. ఆ తరువాత అతను వచ్చినా, ఎప్పుడు పోతారు అని అడగలేకపోయాడు. గేటు దగ్గర నిలబడి, "వడలు బాగుండాయి కుప్పయ్యా," అని పోయేవాడు. తింటూ ఖాళీ చేయమనడం కష్టం. అది అతని ముఖంలో కనిపించేది.

ఇంతలో యోగానంద కళ్ళద్దాలు పెట్టుకొని వచ్చాడు.

"కండ్లకేమయింది?" అన్నాను.

"దూరందేదీ కనపడ్డం లేదు సార్. మేడం దుకాణంలోనే చేయించుకున్నా."

కోమలి తల వంచుకొని వడలు లెక్కపెడుతున్నట్టు నటించింది. లెక్కపెట్టేటన్ని వడలు అక్కడ లేవు.

అతను పోయాక అడిగాను. "అతని చూపు ఎట్లుంది?"

"బాగుండాది నాయనా. అడుగు వరస దాకా చదివినాడు."

"మరి అద్దాలెందుకిచ్చినావు?"

"పవర్ లేని అద్దాలు. అడిగినాడు, ఇచ్చినా."

"చూపున్నవాడికి అద్దాలెందుకు?"

"మళ్ళీ మళ్ళీ చెక్ చేయించుకునేదానికంట," అంది. అని లోపలికి పోయింది. లోపల ఒక్కతే నవ్వింది. వినిపించింది.

తరువాత తుఫాను పట్టింది. తిరుపతిలో వాన పడితే కొండ కనిపించదు. ఆ రోజు కొండే కాదు, మా వీధి మొన కూడా కనిపించలేదు. కోమలి దుకాణం నుంచి రావలసిన వేళ. నేను గొడుగు తీసుకొని గేటు దగ్గర నిలబడ్డాను.

వీధి మొన నుంచి ఒక ఆపిల్ పెట్టె నడుచుకుంటూ వచ్చింది. కింద నాలుగు కాళ్ళున్నాయి.

దగ్గరికి వచ్చాక చూశాను. పెట్టె బోర్లించి ఇద్దరూ తలల మీద పట్టుకున్నారు. అట్ట నానిపోయింది. యోగానంద వైపు అప్పటికే చిరిగి అతని చెవి మీద వేలాడుతోంది. అతను మాత్రం పెట్టె ఆమె వైపే వంచి పట్టుకున్నాడు.

"తడస్తా ఉండావు. ఇట్ల జరుగు," అంటోంది కోమలి.

"జరిగితే మీ నాయన సూస్తాడు."

"వానలో ఆయనకేం కనపడ్తాది?"

"నా కండ్లద్దాలు ఇచ్చేదా ఆయనకు?"

"పవర్ లేనివి గదా అవి."

"అందుకే ఇచ్చేది."

అప్పుడు పెట్టె రెండుగా విడిపోయి ఇద్దరి భుజాల మీదా జారింది. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. నవ్వారు. పెట్టె పాడైతే నవ్వేవాళ్ళను అంతకుముందు నేను చూడలేదు.

"ఆ పెట్టె తిరిగి ఇవ్వాలి," అన్నాను గొడుగు కింద నుంచి.

యోగానంద ఉలిక్కిపడ్డాడు. చేతిలోని తడి అట్టముక్క నాకు ఇవ్వబోయి, ఎందుకో వెనక్కి తీసుకొని, చొక్కా లోపల పెట్టుకొని పోయాడు. తడి అట్టను ఎవడైనా చొక్కాలో పెట్టుకుంటాడా? ఆ రాత్రి మూడుసార్లు తుమ్మాడని మరునాడు కోమలి చెప్పింది. ఆమెకెట్లా తెలుసని నేను అడగలేదు.

పెట్టె పాడుచేసినందుకు కోమలి పూర్ణం పెట్టి ఓళిగలు చేసి పంపింది. పెద్ద పెట్టె నిండా పంపింది. భారతమ్మకు ఓళిగలతో సమానమైనది ఏదీ తోచలేదట. శనివారం పొద్దున ఒక పెట్టె వచ్చింది. తాడు కట్టి ఉంది. లోపల ఏదో కదిలింది.

తెరిచాను. కోడి. ఎర్రటి నాటుకోడి. రంధ్రంలోంచి తల బయటపెట్టి నన్ను చూసింది.

పెట్టెకు రంధ్రాలెందుకో ఆ రోజు తెలిసింది.

శనివారం మా ఇంట్లో ముక్క ముట్టం. రేపు చూద్దామన్నాను. ఆదివారం పొద్దున చూస్తే అది పెట్టెలో గుడ్డు పెట్టింది.

"గుడ్డు పెట్టిన కోడిని కోస్తామా నాయనా?" అంది కోమలి.

సోమవారం కార్తీక సోమవారం. ఆ తరువాత దానికి వరుసగా ఏదో ఒక కారణం దొరుకుతూ వచ్చింది. కొన్నాళ్ళకు అది పెట్టెలోంచి లేవడం మానేసింది. చెయ్యి పెడితే ఒళ్ళు ఉబ్బించి గుర్రుమంది. పొదగడానికి కూర్చుంది.

"పుంజు లేకుండా పొదిగితే ఏమొస్తుంది?" అన్నాను యోగానందతో.

అతను ఆలోచించి వెళ్ళాడు. గంటకు ఊక పోసిన పెట్టెలో గుడ్లు తెచ్చాడు.

"మా ఇంటి గుడ్లు సార్. మా ఇంట్లో పుంజు ఉండాది. అమ్మ పంపింది."

"నేను గుడ్లు అడగలేదు. విషయం చెప్పాను."

"తెలుసు సార్. పొదిగే కోడిని కదపకూడదు గదా? గుడ్లు చెడతాయి గదా?"

"చెడతాయి."

"అయితే పిల్లలు లేసేదాకా మీరు ఇల్లు మారేదానికి ఉండదు గదా?"

వెనక కోమలి దగ్గింది. వాన తగ్గింది కానీ ఆమెకు దగ్గు పట్టుకుంది.

మస్తాన్ వలి మళ్ళీ లారీతో వచ్చాడు. కోడిని చూశాడు. నన్ను చూశాడు.

"అన్నా, ఘాట్ రోడ్డులో ముందర ఏ బండి వస్తా ఉండాదో మలుపుకు ముందే చెప్పేవాడివి నువ్వు."

"చెప్పేవాణ్ణి."

"ఇప్పుడు ఎదురుగ్గా వస్తా ఉండేది కనపళ్ళేదా?"

"కనిపిస్తోంది."

"మరి?"

"కనిపిస్తే ఏం చేయాలి? హారన్ కొట్టాలా?"

మస్తాన్ వలి కోడికి నాలుగు గింజలు వేసి పోయాడు.

నాకు కనిపించింది. నేను గుడ్డివాణ్ణి కాను. కోమలి నన్ను అడగలేదు. అడగకపోతే నేను చెప్పను. పలమనేరు పోవాలని నిర్ణయమైంది. నిర్ణయమయ్యాక బండి బయల్దేరాలి. అంతే.

పిల్లలు లేచాయి. వసారా అంతా కీచుకీచుమన్నాయి. మరుసటి ఆదివారం పొద్దునే బయల్దేరుదామన్నాను. పెట్టెలన్నీ నింపి భారతమ్మకు పంపేయమన్నాను. ఇక ఏదీ తీసుకురావద్దని యోగానందతో గట్టిగా చెప్పాను. అతను సరే అన్నాడు. ముఖం మాడిపోయింది.

ఆదివారం ఇల్లంతా గోనెసంచుల్లోకీ దుప్పటి మూటల్లోకీ ఎక్కింది. పెట్టెల్లోకి ఒక్క గిన్నె ఎక్కలేదు. ఇన్నాళ్ళు పెట్టెలతో పడిన అవస్థకు అది ఫలితం. కోడి, దాని పిల్లలు ఉన్న పెట్టె ఒక్కటి ముందు సీట్లో పెట్టాం. మస్తాన్ వలి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. ఘాటు ఎక్కాలి కదా.

తిరుమలమ్మ కుంకుమ భరిణె మాత్రం ఏ మూటలోనూ కట్టనివ్వలేదు. జేబులో పెట్టుకున్నాను.

అప్పుడు వచ్చాడు యోగానంద. చేతిలో పెట్టె. వెనకనే పరుగులాంటి నడకతో ఒకావిడ. చేతిలో అరటిపండ్ల అత్తం. అప్పటిదాకా నేను భారతమ్మను చూడలేదు. ఆమె ఏరి పంపిన పండ్లన్నీ తిన్నాను.

"ఒరే, పెట్టరా దాంట్లో! ఖాళీ పెట్టె ఎత్తుకోని ఎవురింటికన్నా పోతారా? సిగ్గులేదా నీకు?"

"వద్దు మా. నువ్వుండు."

పెట్టె నా ముందు పెట్టాడు. తొంగి చూశాను. ఖాళీ.

"ఖాళీగా తెచ్చావేం?"

"పెట్టేదానికి ఇంక నా దగ్గర ఏం లేదు సార్. అంగట్లో ఉండే పండ్లన్నీ తెచ్చినా. కోడిని తెచ్చినా. గుడ్లు తెచ్చినా." గొంతు సవరించుకున్నాడు. "అడిగి ఎత్తుకపోవాల అని ఆ పొద్దు నేనే చెప్పినా. ఇప్పుడు అడగతా ఉండాను. కోమలిని నాకిస్తారా?"

"ఈ పెట్టెలోనా?" అంది కోమలి.

"నడిసొస్తే సాలు," అన్నాడు.

నేను కోమలి వైపు తిరిగాను. "నీకు ఇష్టమేనా?"

"ఇష్టమే."

"ఎప్పటినుంచి?"

"అడుగు లేని పెట్టె కాడ్నించి."

"మరి నాతో చెప్పలేదేం?"

ఆమె లారీ వైపు చూసింది. మూటల వైపు చూసింది. "నువ్వు ఒక్కడివే ఏం తింటావు నాయనా? ఆయప్పకు చెప్పేసినా. నాయనను వదిలిపెట్టి రాను అని."

అంటే జవాబు ఆమే చెప్పేసింది. ఇక నేను చెప్పవలసింది లేదు.

"బండెక్కు. టైమైంది," అన్నాను.

ఎక్కింది. కోడిని ఒళ్ళో పెట్టుకొని ముఖం అటు తిప్పుకుంది.

"నీ పెట్టె తీసుకొని పో," అన్నాను యోగానందతో.

తీసుకున్నాడు. గేటు వైపు నడిచాడు. అడుగు అడుగుకూ అతని మోకాలు పెట్టెకు తగులుతోంది. ఖాళీ పెట్టె ఒక రకంగా మోగుతుంది. నింపిన పెట్టె అలా మోగదు. ఆ చప్పుడు గేటు దాకా పోయింది. తిరుమలమ్మ కాపురం చేసిన ఇంట్లోంచి, నా కళ్ళముందు, ఒక పెట్టె ఖాళీగా గేటు దాటుతోంది.

"ఆగు!" అన్నాను.

నా జీవితంలో ఎవరినీ ఆపలేదు. ఎవరికోసమూ ఆగలేదు.

ఆగాడు. నేను ఇంట్లోకి చూశాను. ఏమీ లేదు. వంటింట్లో ఒక ఉప్పుగల్లు కూడా లేదు. మూటలు విప్పడానికి లేదు. జేబులో చెయ్యి పెట్టాను. ఉన్నది ఒక్కటే.

పోయి ఆ పెట్టెలో భరిణె పెట్టాను. అంత పెద్ద పెట్టెలో అది ఒక మూలకు దొర్లి నిలబడింది.

అందరూ పెట్టె వైపే చూశారు. కోడి కూడా చూసింది. భారతమ్మ అరటి అత్తం కింద పెట్టి పైట కళ్ళకు అద్దుకుంది.

"అయిపాయ! కుంకుమ ఇచ్చేసినాడు!" అని మస్తాన్ వలి లారీ హారన్ కొట్టాడు.

"ఖాళీగా పోకూడదని పెట్టాను. అంతే," అన్నాను.

"అంతే గదన్నా. కాదన్నదెవరు?" అని మళ్ళీ కొట్టాడు.

కోమలి కోడితో సహా బండి దిగింది. కోడిని యోగానంద చేతిలో పెట్టి, వచ్చి నా భుజం మీద తల పెట్టింది. "మరి నువ్వు?" అంది.

"నాకేం? పలమనేరులో వండుకుంటాను."

"నీకు వంటరాదు."

"నేర్చుకుంటాను."

అప్పుడు భారతమ్మ ముందుకొచ్చింది. "పలమనేరు ఎందుకన్నా? మా అంగడి మేడమీద రెండు గదుల పోర్షన్ ఉండాది. ఏడాదిగా ఖాళీగా పడుండాది. ఖాళీగా పెట్టుకోకూడదు గదా?"

నేను ఆమెను చూశాను. "ఏడాదిగా ఉంటే ఇన్నాళ్ళు చెప్పలేదేం?"

"మీరు పెట్టెలు అడిగినారు," అంది భారతమ్మ. "ఇల్లు అడగలేదే?"

మస్తాన్ వలితో బండి తిప్పమన్నాను.

పలమనేరు ఘాటు ఎక్కడానికి పూజ చేసిన లారీ రెండు వీధులు పోయి నిలబడింది. ఇంజను వేడెక్కను కూడా లేదు. ఓనరు వెంకటరమణ ఎదురొచ్చి చేతులు పట్టుకొని, ఇంకో వారం ఉండకపోయారా అన్నాడు. అతని భార్య దగ్గర మా పెట్టె ఒకటి ఉండిపోయిందట.

మూటలు మేడ మీదికి మోస్తూ యోగానంద, "జాగ్రత్త మామా, మెట్టు ఎత్తుగా ఉండాది," అన్నాడు.

"మామా అని ఎవరన్నారు?"

"నోరు జారింది మామా."

అద్దె ఇస్తానని ముందే చెప్పాను. ప్రతి నెలా ఇస్తున్నాను. మాఘంలో పెళ్ళయింది. కోమలి కిందికి పోయింది. నేను పైన ఉన్నాను. పొద్దున ఒక పెట్టె పైకి వస్తుంది. సాయంత్రం కిందికి పోతుంది. వంట నేర్చుకోక తప్పలేదు. మురుకులు గట్టిగా వస్తున్నాయని అల్లుడు అంటాడు. పండ్లున్నాయి కదా, నమలమన్నాను.

ఒక్క సంగతి మిగిలింది. మేడమీదికి చేరిన ఆ ఆదివారమే మొదటి పెట్టె పైకి వచ్చింది. పైన అరటి అత్తం. కింద భరిణె. భారతమ్మ తిరిగి పంపింది. మూత తీశాను. అంచుదాకా కొత్త కుంకుమ.

అంటే నేనిచ్చినప్పుడు దాంట్లో ఏమీ లేదు. నాలుగేళ్ళుగా మూత తీసి చూసింది లేదు. తిరుమలమ్మ ఇంట్లోంచి ఖాళీ గిన్నె పంపింది నేనే.

ఆ మాట భారతమ్మ నాతో అనలేదు. కోమలితోనూ అన్నట్టు లేదు. నేను ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు చెప్పేశాను. ఇక దీని గురించి నన్ను ఎవరూ అడగవద్దు. అడిగినా మాట్లాడను.